యువకులు - ఎలక్ట్రానిక్ సిగరెట్లు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1997వ సంవత్సరమున ఉన్నత పాఠశాలలలో చదువు బాలబాలికలను విచారించి చూడగా, నూటికి 36 మంది సిగరెట్లు కాల్చుచున్నారని తేలినది. వైద్యులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, ప్రభుత్వము కలిసి ఇరువది సంవత్సరములకు పైగా పాటుపడిరి. సిగరెట్లపై పన్నులు పెరిగినవి, ప్రకటనలు తగ్గినవి, ఆఫీసులలోను, భోజనశాలలలోను పొగత్రాగుట చాలచోట్ల నిషేధింపబడినది. 2019వ సంవత్సరము నాటికి ఆ సంఖ్య నూటికి 6కు దిగినది. ప్రజారోగ్య చరిత్రలో ఇంతటి విజయములు అరుదు. కాని ఆ సంవత్సరముననే జరిగిన మరియొక సర్వేలో, ఉన్నత పాఠశాలల విద్యార్థులలో నూటికి 27 మందికి పైగా, గడచిన 30 దినములలో ఎలక్ట్రానిక్ సిగరెట్టును వాడితిమని చెప్పిరి. ముందు వాకిలి మూసి గడియ పెట్టుచుండగా పెరటి వాకిట దొంగ ప్రవేశించినట్లయినది. సిగరెట్టు ప్రాణాంతకమని ఊహ తెలిసిననాటినుండి విన్న పిల్లలే ఈ క్రొత్త వస్తువును ఎందుకు చేపట్టిరి? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము చెప్పుటకు వీలులేదు. మొదట ఆ వస్తువు ఎట్టిదో తెలిసికొనవలెను.

ఎలక్ట్రానిక్ సిగరెట్టులో నిప్పు లేదు, బూడిద లేదు, పొగాకు కూడ లేదు. ఒక చిన్న బ్యాటరీ, దానితో వేడెక్కు సన్నని తీగచుట్ట, ఆ తీగకు తగులుచుండు కొంచెము ద్రవము, నోట పెట్టుకొను గొట్టము - ఇవియే దానిలోని భాగములు. గొట్టమును పీల్చగానే తీగ వేడెక్కును. ద్రవము సన్నని తుంపరలై గాలిలో కలిసి నోటిలోనికి, అచటనుండి ఊపిరితిత్తులలోనికి పోవును. ఆ ద్రవములో గ్లిజరిన్, ప్రొపిలిన్ గ్లైకాల్ అను రెండు రసాయన పదార్థములు, రుచికి వాసనకు కలిపిన ద్రవ్యములు, వీటితోపాటు సామాన్యముగా నికోటిన్ ఉండును. ఆంగ్లమున ఆవిరికి గల పేరునుండి పుట్టిన మాటతో దీనిని 'వేప్' అనియు పిలుచుచున్నారు. ఈ పేరే సగము మోసము చేసినది. ఆవిరి అనగానే మనవారికి జలుబు చేసినపుడు దుప్పటి కప్పుకొని వేడినీటి గిన్నెపై పట్టు ఆవిరి జ్ఞప్తికి వచ్చును. అది మంచినీరే గదా! ఇందులోనిది నీటి ఆవిరి కాదు. అది నూనెవంటి ద్రవముయొక్క మంచు. ఆ మంచులో నికోటిన్ ప్రయాణము చేయును. వేడి మిక్కుటమైనపుడు ఫార్మాల్డిహైడ్, ఎక్రోలీన్ వంటి హానికర పదార్థములు అందు పుట్టును. వేడెక్కిన తీగనుండి నికెల్, సీసము వంటి లోహముల కణములును వచ్చి చేరుటను శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఈ సాధనమును పిల్లలకొరకు కల్పించలేదు. పెన్సిల్వేనియా వాసియైన హెర్బర్ట్ గిల్బర్ట్ అనునతడు నిప్పు, పొగాకు లేని సిగరెట్టునకు 1965లో పేటెంటు పొందెను గాని, అది అంగడికి రాలేదు. నేడు వాడుకలోనున్న దానికి మూలపురుషుడు హోన్ లిక్ అను చైనాదేశపు ఔషధశాస్త్రజ్ఞుడు. అతడు దినమునకు రెండు మూడు పెట్టెల సిగరెట్లు కాల్చువాడు. అతని తండ్రియు పొగత్రాగువాడే. ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించెను. కాల్చుట వలన పుట్టు విషములు లేకుండ, నికోటినును మాత్రము దేహమునకు అందించినచో ఈ వ్యసనమునుండి మెల్లగా బయటపడవచ్చునని తలచి, అతడు 2003లో ఈ సాధనమును కల్పించెను. ఆ తలంపులో తప్పు లేదు. సిగరెట్టు పొగలో వేలకొలది రసాయనములు గలవు. వానిలో డెబ్బది వరకు క్యాన్సరును కలిగించునవి. ముప్పది యేండ్లుగా సిగరెట్లు కాల్చినవాడు వానిని పూర్తిగా మాని దీనిని పట్టినచో, వానికి కలుగు హాని తగ్గును. ఈ కారణముచేతనే ఇంగ్లండులో వైద్యశాఖవారు వయసు మీరిన పొగరాయుళ్లకు దీనిని ఒక మెట్టుగా చూపుచున్నారు. కాని మెట్లు దిగువానికి పనికివచ్చు నిచ్చెన ఎక్కువానికిని పనికివచ్చును. ఏనాడును సిగరెట్టు ముట్టని పదునాలుగేండ్ల పిల్లవానికి ఈ సాధనము తగ్గించునది ఏమియు లేదు; లేని వ్యసనమును తెచ్చి పెట్టుట తప్ప.

అమెరికాలో ఆ మార్పు ఎట్లు జరిగినదో చెప్పవలెనన్న, జూల్ అను సరకు కథ చెప్పక తప్పదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున వస్తురూపకల్పన చదివిన జేమ్స్ మోన్‌సీస్, ఆడమ్ బోవెన్ అను ఇద్దరు యువకులు దీనిని నిర్మించిరి. 2015వ సంవత్సరము జూన్ మాసమున ఇది అంగడికి వచ్చినది. అంతకు ముందున్న ఎలక్ట్రానిక్ సిగరెట్లు కొన్ని బరువైనవి, కొన్ని సిగరెట్టు ఆకారమున నున్నవి, చూడగానే గుర్తింపదగినవి. జూల్ కంప్యూటరునకు తగిలించు పెన్ డ్రైవువలె నుండెను. దానిని కంప్యూటరునకు తగిలించియే విద్యుత్తు ఎక్కించుకొనవచ్చును. పలక సంచిలో పడియున్నను, బల్లపై నున్నను ఏ ఉపాధ్యాయునికిని అనుమానము కలుగదు. మన దేశమున పూర్వము చాటున బీడీ కాల్చిన పిల్లవాడు ఇల్లు చేరుటకు ముందు జామాకు నమలవలసి వచ్చెడిది. అయినను చొక్కాకు పట్టిన వాసన వానిని పట్టి యిచ్చెడిది. ఈ సాధనమునకు ఆ బాధ లేదు. దానినుండి వచ్చు పొగమంచు క్షణములలో మాయమగును. మిగిలిన వాసన మామిడిపండు వాసన. తరగతి గదిలో, ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగిన తరుణమున, చొక్కా చేతిలో దాచుకొని పీల్చిన పిల్లలుండిరి. కొన్ని పాఠశాలలవారు గత్యంతరము లేక మరుగుదొడ్ల తలుపులు ఊడదీయించిరి. నేరము చేసినవారితోపాటు చేయనివారును సిగ్గుపడవలసిన స్థితి అది.

రుచుల సంగతి చెప్పవలెను. పొగాకు చేదు. మొదటిసారి చుట్టగాని సిగరెట్టుగాని నోట పెట్టిన పిల్లవానికి దగ్గు వచ్చును, కన్నుల నీరు కారును, కడుపులో త్రిప్పును. అది దేహము చేయు హెచ్చరిక. ఆ హెచ్చరికతోనే మానివేసినవారు లోకమున ఎందరో కలరు. అమెరికా ప్రభుత్వము 2009లో ఒక శాసనము చేసి, పుదీనా జాతికి చెందిన మెంథాల్ తప్ప తక్కిన తీపి రుచులు కలిపిన సిగరెట్లను నిషేధించెను. పిల్లలను ఆకర్షించునవి ఆ రుచులే యని అందరికిని తెలిసినదే. కాని ఎలక్ట్రానిక్ సిగరెట్లు ఆ నిషేధములోనికి రాలేదు. వానిపై ఆహార ఔషధ శాఖవారికి అధికారము వచ్చునప్పటికి 2016వ సంవత్సరము వచ్చినది. ఆలోగా మామిడి, పుచ్చకాయ, మీగడ, మిఠాయి మొదలైన రుచులతో ద్రవములు లెక్కకు మిక్కిలిగా బయలుదేరినవి. 2024లో జరిగిన సర్వేలో కూడ, ఎలక్ట్రానిక్ సిగరెట్లు వాడు విద్యార్థులలో నూటికి 87 మందికి పైగా ఏదో యొక రుచి కలిపిన సరకునే వాడుచుండిరి. వానిలో పండ్ల రుచులదే మొదటి స్థానము. చేదు మందును బెల్లములో పెట్టి మ్రింగించుట మన ఇండ్లలో తెలిసిన ఉపాయమే. ఇచట బెల్లములో పెట్టినది మందు కాదు.

అయినను రుచి యొక్కటియే అయినచో పిల్లలు మామిడిపండునే తినియుందురు. మొదటిసారి ఎందుకు పట్టితివని 2021లో అడుగగా, ఎక్కువమంది చెప్పిన కారణము స్నేహితుడు. నూటికి 57 మందికి పైగా, తమ స్నేహితులు వాడుచుండుట చూచి తామును వాడితిమనిరి. అది ఎట్లుండునో చూతమను కుతూహలము చేత పట్టినవారు ఇంచుమించు సగము. ఇందు వింత ఏమియు లేదు. పదమూడు మొదలు పందొమ్మిది యేండ్ల వరకు గల వయసున, తల్లిదండ్రుల మెప్పుకంటె తోడివారి మెప్పు పెద్దదిగా కనబడును. గుంపులో ఒకని చేతినుండి మరియొకని చేతికి సాధనము మారుచున్నప్పుడు, నాకు వద్దనుట ఆ పొగను పీల్చుటకంటె కష్టము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము నాటకమున గిరీశము వెంకటేశమునకు చదువు చెప్పుదునని చేరి చుట్ట కాల్చుట నేర్పును. వెంకటేశము పొగాకును చూచి మోహపడలేదు; గిరీశమును చూచి మోహపడెను. గొప్పగా మాటలాడువాడు, భయము లేనివాడు, లోకము తెలిసినవాడు అని ఎవనిని తలచుదుమో, వాని చేతిలోని వస్తువు కూడ గొప్పదిగా తోచును. మోసపోవునది కన్ను కాదు, స్నేహము.

వర్తకులకు ఈ రహస్యము చాలకాలముగా తెలియును. జూల్ అంగడికి వచ్చినపుడు దాని ప్రకటనలలో నవ్వుచు, ఆడుచు, పాడుచునున్న యువతీయువకుల చిత్రములు కనబడినవి. రంగుల నేపథ్యములు, క్రొత్త ఫ్యాషన్ల దుస్తులు, ఇన్‌స్టాగ్రామ్ వంటి సామాజిక మాధ్యమములలో ప్రచారము - ఇవి ముప్పది యేండ్లు సిగరెట్టు కాల్చి విసిగిన వృద్ధునికొరకు చేసినవని నమ్ముట కష్టము. తాము పిల్లలకు అమ్మదలచలేదని కంపెనీవారు చెప్పుచు వచ్చిరి. కాని 2022వ సంవత్సరము సెప్టెంబరున, తమ తప్పు ఒప్పుకొనకయే, 33 రాష్ట్రములతోను పోర్టో రికోతోను రాజీపడి సుమారు 44 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించిరి. మరుసటి సంవత్సరము మరి ఆరు రాష్ట్రములకును రాజధాని నగరమునకును 46 కోట్ల డాలర్లు చెల్లింతుమనిరి. పిల్లలు తామే ఆ పొగమంచు విడుచు చిత్రములను తీసి ఒండొరులకు పంపుకొనుచుండగా, కంపెనీకి ప్రచారపు ఖర్చుకూడ తగ్గిపోయినది. పత్రికలో వచ్చిన ప్రకటనను ప్రకటనయని పిల్లవాడు గుర్తించును. స్నేహితుడు పంపిన చిత్రమును అట్లు గుర్తించడు.

తెలియకపోవుట మరియొక కారణము. జూల్ వాడు 15 మొదలు 24 ఏండ్ల వారిని విచారించి 2018లో ప్రకటించిన యొక పరిశోధనలో, నూటికి 63 మందికి అందులో ఎల్లప్పుడును నికోటిన్ ఉండునను సంగతియే తెలియదని తేలినది. తాము పీల్చునది రుచిగల ఆవిరి యని మాత్రమే వారి భావము. నిజమునకు జూల్ గుళికలో నూటికి 5 పాళ్లు నికోటిన్ ఉండెను. ఒక గుళికలోని నికోటిన్ ఒక పెట్టె సిగరెట్లకు, అనగా ఇరువది సిగరెట్లకు సమానమని కంపెనీవారే చెప్పిరి. ఐరోపా సమాఖ్య దేశములలో అంతటి గాఢతగల ద్రవమును అమ్ముటకు వీలులేదు. అచటి పరిమితి ఒక మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాములు. అమెరికాలో అమ్మిన గుళికలలో దానికి రెండింతలకు మించి యుండెను.

ఇంత నికోటినును పిల్లలు దగ్గు రాకుండ ఎట్లు పీల్చగలిగిరి? ఇది తెలిసికొనదగిన విషయము. మన ఆంధ్ర దేశమునకును దీనితో కొంత సంబంధము గలదు. నికోటిన్ స్వభావసిద్ధముగా క్షార గుణము గలది. పొగాకు మొక్క పురుగులనుండి తన్ను కాపాడుకొనుటకు దీనిని వేళ్లలో తయారుచేసి ఆకులలో నిలువచేయును. మన రైతులు పొగాకు కషాయమును చేలపై చల్లి పురుగులను చంపుట ఈ గుణము చేతనే. 1560 ప్రాంతమున పోర్చుగల్ రాజధానినుండి ఫ్రాన్సునకు పొగాకును పంపిన జీన్ నికో అను రాయబారి పేరు దీనికి వచ్చినది. నాటు పొగాకుతో చుట్టిన చుట్ట పొగలో ఈ క్షార గుణము హెచ్చు. అందుచేత అది గొంతులో ఘాటుగా తగులును. చుట్ట కాల్చువాడు సామాన్యముగా పొగను నోట నిలిపి విడుచునే గాని రొమ్ములోనికి పీల్చడు. 1920వ దశకమునుండి గుంటూరు ప్రాంతమున వర్జీనియా పొగాకు సేద్యము పెరిగినది. ఈ ఆకును బ్యారన్లలో గొట్టముల వేడికి పండించుదురు. అట్లు పండించిన ఆకులో చక్కెర నిలిచి, దాని పొగ ఆమ్ల గుణము కలదగును; ఘాటు తగ్గును. సిగరెట్టు పొగను ఊపిరితిత్తుల నిండ పీల్చగలుగుట దీనివలననే సాధ్యమైనది. సిగరెట్టు చుట్టకంటె లోతుగా మనిషిని పట్టుటకును ఇదియే కారణము.

జూల్ నిర్మాతలు చేసినది ఇదే పని, మరియొక విధముగ. వారు నికోటినునకు బెంజోయిక్ ఆమ్లమును కలిపి లవణముగా మార్చిరి. క్షారపు ఘాటు తగ్గెను. గొంతు ఎదురుతిరుగలేదు. దేహము చేయు మొదటి హెచ్చరికను మాన్పుటలో పొగాకు వర్తకము ఇట్లు రెండవమారు విజయము పొందినది. దీనిని రసాయనశాస్త్రమున గొప్ప నైపుణ్యమని మెచ్చువారు మెచ్చవచ్చును.

ఊపిరితిత్తులలో చేరిన నికోటిన్ పది ఇరువది సెకండ్లలో మెదడును చేరును. అచట ఒక కణమునుండి మరియొక కణమునకు వార్తలు మోయుటకు అసిటైల్ కోలిన్ అను సహజ పదార్థము గలదు. దానిని అందుకొనుటకు కణములపై గ్రాహకములు గలవు. నికోటిన్ ఆ గ్రాహకములలో, మారు తాళపుచెవి తాళములో దూరినట్లు, దూరును. వెంటనే డోపమిన్ అను మరియొక పదార్థము విడుదలయై మనస్సునకు హాయి తోచును. ఆకలితో అన్నము తినినపుడును, ఆటలో గెలిచినపుడును కలుగు హాయికి మూలమైనది ఈ డోపమినే. మంచి పని చేసినందుకు మెదడు ఇచ్చు బహుమానమును ఏ పనియు చేయకుండనే పొందుట వంటిది ఇది. మెదడు దీనికి ఊరకుండదు. క్రొత్త గ్రాహకములను పెంచును. అంతకు ముందు చాలిన మోతాదు ఇక చాలదు.

మనుష్యుని మెదడు సుమారు 25వ ఏటి వరకు పెరుగుచునే యుండును. ముందు వెనుకలు ఆలోచించి తొందరపాటును అణచు భాగము అన్నిటికంటె చివర పక్వమగును; సంతోషమును వెదకు భాగము ముందే మేలుకొనును. గుఱ్ఱము పరుగెత్తుటకు సిద్ధము, కళ్లెము ఇంకను తయారు కాలేదు అన్నట్లుండును కౌమార దశ. చదువు త్వరగా వచ్చుటకు కారణమైన మెత్తదనమే వ్యసనము త్వరగా నాటుకొనుటకును కారణము. సిగరెట్లు కాల్చు పెద్దలలో హెచ్చుమంది పదునెనిమిదేండ్లు నిండకముందే మొదలుపెట్టినవారగుట ఇందువలననే. ఈ సంగతిని పొగాకు వర్తకులు వైద్యులకంటె తక్కువ ఎరుగరు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరల రావచ్చును. ఎలక్ట్రానిక్ సిగరెట్టును మొదట ఎందుకు పట్టితివన్న ప్రశ్నకు స్నేహితుడు, కుతూహలము అని చెప్పిన విద్యార్థులే, ఇప్పుడు ఎందుకు వాడుచున్నావన్న ప్రశ్నకు వేరు సమాధానము చెప్పిరి. అదే 2021 సర్వేలో, అప్పటికి వాడుచున్నవారిలో నూటికి 43 మంది, మనస్సు కలతగానున్నదనియు, దిగులుగానున్నదనియు, దానికొరకు వాడుచున్నామనియు చెప్పిరి. ఈ రెండు సమాధానముల నడుమ దూరమును గమనింపవలెను. మొదలుపెట్టిన కారణము మరుగుపడినది. దాని చోట వేరొకటి వచ్చి కూర్చున్నది.

ఆ పిల్లలు అబద్ధము చెప్పలేదు. దానిని పీల్చగానే వారికి నిజముగనే ఊరట కలుగును. ఆ ఊరట ఎచటిదో విచారింపవలెను. రక్తములో చేరిన నికోటిన్ సుమారు రెండు గంటలలో సగమునకు తరుగును. దానికి అలవాటుపడిన మెదడు అప్పుడు తిరుగబడును. చిరాకు, ఆందోళన, ఒకచోట కూర్చుండలేకపోవుట, పాఠముపై మనస్సు నిలువకపోవుట - ఇవి ఆ తిరుగుబాటు గుర్తులు. ఉదయము పాఠశాలకు బయలుదేరుచు పీల్చిన బాలుడు మూడవ పీరియడు నాటికి కుదురుగా ఉండలేడు. లెక్కల ఉపాధ్యాయుని మాట వానికి వినబడును గాని తలకెక్కదు. వాడు ఏదో నెపమున బయటికి పోయి మరల పీల్చును. కలత తీరును. ఈ సాధనము నా దిగులును పోగొట్టినదని వాడు నమ్మును. ఆ దిగులును తెచ్చినది కూడ అదియే యని వానికి తోచదు. బిగువైన చెప్పులను తొడుగుకొని, వానిని విప్పినప్పుడు కలుగు సుఖముకొరకు మరల మరల తొడుగుకొనువాడు ఎట్టివాడో వీడును అట్టివాడే. పరీక్షల భయము, ఇంటిలోని కలహములు, స్నేహితుల నిరాదరణ మొదలైన నిజమైన దిగుళ్లు పిల్లలకు లేవని కాదు. అవి ఉన్నవి, అవి అట్లే యుండును. వానిపైన దినమునకు పదిమార్లు వచ్చు క్రొత్త దిగులు మరియొకటి చేరును.

2019వ సంవత్సరపు వేసవిలో అమెరికాలో మరియొక ఉపద్రవము సంభవించినది. ఎలక్ట్రానిక్ సిగరెట్లు వాడు యువకులు ఊపిరాడక ఆసుపత్రులలో చేరసాగిరి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది చేరిరి. 68 మంది మరణించిరి. గంజాయి సారమును కలిపి దొంగచాటుగా అమ్మిన ద్రవములలో చిక్కదనమునకై కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ అను పదార్థము దీనికి ముఖ్యకారణమని పిమ్మట తేలినది. కావున ఈ మరణములను నికోటిన్ సాధనములన్నిటికిని అంటగట్టుట న్యాయము కాదు. చేతికి వచ్చిన గుళికలో ఏమున్నదో అమ్మువానికే తెలియదనుట మాత్రము దీనివలన స్పష్టమైనది.

2018లో ఒక్క సంవత్సరముననే ఉన్నత పాఠశాలలలో వాడువారి సంఖ్య నూటికి 11 నుండి 20 దాటినది. ఆ డిసెంబరున ప్రభుత్వపు సర్జన్ జనరల్ ఇది యువజనులలో వ్యాపించిన అంటురోగముతో సమానమని ప్రకటించెను. 2019 డిసెంబరున పొగాకు సరకులు కొనుటకు వయసు 21 ఏండ్లకు పెంచిరి. 2020 ఆరంభమున గుళికలలో పండ్ల రుచులను నిషేధించిరి. కాని ఆ నిషేధము, వాడి పారవేయు సాధనములకు వర్తింపలేదు. నీరు పల్లమునకు పోయినట్లు పిల్లలు వానివైపు పోయిరి. ఎలక్ట్రానిక్ సిగరెట్లు వాడు ఉన్నత పాఠశాల విద్యార్థులలో అట్టివానిని వాడువారు 2019లో నూటికి ఇద్దరు ముగ్గురు; 2020లో 26 మంది. అయినను కాలక్రమమున మొత్తము సంఖ్య తగ్గినది. 2024 నాటికి ఉన్నత పాఠశాలలలో అది నూటికి 8కి లోబడినది. 2019లో, చిన్న తరగతులవారితో కలిపి, 50 లక్షలకు పైగా పిల్లలు వాడుచుండగా, 2024లో 16 లక్షలు మిగిలిరి. తగ్గినదనుట నిజము. ఆ మిగిలినవారు పదహారు లక్షల ఇండ్ల పిల్లలనుటయు నిజము.

భారతదేశము వేరు మార్గము పట్టినది. 2019 సెప్టెంబరు 18వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఒక ఆర్డినెన్సు వెలువరించి, డిసెంబరున దానిని చట్టము చేసినది. దాని ప్రకారము ఎలక్ట్రానిక్ సిగరెట్లను తయారుచేయుట, దిగుమతి చేయుట, ఎగుమతి చేయుట, రవాణా చేయుట, అమ్ముట, వానికి ప్రకటనలు చేయుట నేరము. మొదటి నేరమునకు ఒక సంవత్సరము వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని. మరల చేసినచో మూడు సంవత్సరముల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా. చుట్ట, బీడీ, సిగరెట్టు అంగట అమ్ముడుపోవుచుండగా దీనిని మాత్రము నిషేధించుట ఏమి న్యాయమని అడిగినవారు లేకపోలేదు. ఆ ప్రశ్నలో కొంత బలము గలదు. అయినను నాటుకొనిన చెట్టును పెరుకుటకంటె మొలకను తీయుట సులభమని ప్రభుత్వము తలచినది. చట్టము వచ్చిన తరువాతను నగరములలో చాటుమాటు అమ్మకములు పూర్తిగా ఆగలేదు. చట్టమును గట్టిగా అమలుజరుపవలసినదని 2023లో కేంద్ర ఆరోగ్యశాఖవారు రాష్ట్రములకు గుర్తుచేయవలసి వచ్చినది. చాటున అమ్మబడు సరకునకు కొలత లేదు, పరీక్ష లేదు, దానిపై వ్రాసినది నిజమను నమ్మకము లేదు.

ఒకమారు చిక్కినవారు బయటపడలేరని తలచుట తప్పు. మానివేసిన మొదటి రెండు మూడు దినములు మిక్కిలి కష్టము. చిరాకు, నిద్రలేమి, తహతహ హెచ్చుగా నుండును. మూడు నాలుగు వారములలో అవి చాలవరకు అణగును. మెదడు తాను పెంచుకొనిన అదనపు గ్రాహకములను క్రమముగా తగ్గించుకొనును. ఈ కాలమున తోడుగా మాటలాడువారున్నచో కష్టము సగమగును. అందులకై భారత ప్రభుత్వము 2016లో ఢిల్లీలోని వల్లభభాయి పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూటులో ఒక సహాయ కేంద్రమును నెలకొల్పినది. దాని ఫోను సంఖ్య 1800-11-2356. పిలిచినవారికి ఖర్చు లేదు. 2018 సెప్టెంబరునుండి దేశములో అమ్ము ప్రతి సిగరెట్టు పెట్టెపైనను, పుండ్ల బొమ్మ క్రింద, ఈ సంఖ్యనే అచ్చువేయుచు వచ్చిరి.